తేలిక లోహములు: సాగుట, తెగుట

 

నేటి ప్రసంగమునకు విషయము తేలిక లోహముల బలము. బలమనగా బరువును నెత్తిన మోయు బలము కాదు. లాగుడునకు ఓర్చు బలము. ఒక లోహపు కడ్డీని రెండు కొనల పట్టి లాగినచో అది మొదట నేమగును, ఎచ్చట సన్నగిల్లును, తుదకెట్లు తెగును అను సంగతిని మీకు విన్నవింపదలచితిని. లోహములను లాగి చూచుటయే నా వృత్తి. అయినను ఇది నా వంటివారికి మాత్రమే పనికివచ్చు ముచ్చట కాదు. మీ పొలముల మీదుగా పోవు కరెంటు తీగ తేలిక లోహముతో చేసినది. అది రాత్రింబవళ్లు స్తంభమునకును స్తంభమునకును నడుమ లాగబడియే యుండును. అది తెగి నేలబడెనా, కాపునకును కాడియెద్దునకును ప్రాణాపాయము. కావున ఈ విద్యలో కొంతయైనను గ్రామ పెద్దలకు తెలిసియుండుట మేలు.

హైదరాబాదు నుండి పశ్చిమముగా సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దున చిరాగ్‌పల్లి యను గ్రామము కలదు. ఆ రహదారి ప్రక్కన ఒక గడియసేపు నిలిచిన వారికి తేలిక లోహముల కొలువంతయు కన్నులకు గట్టును. కార్ల చక్రములు, మోటారు సైకిళ్ల యంత్రపు గుల్లలు, కొన్ని చమురు లారీల తొట్లు, టీ కొట్టులోని గిన్నెలు, తలపైన కరెంటు తీగలు, ఇవన్నియు అల్యూమినియమో, దాని మిశ్రమములో. తెలంగాణమున మనము దీనిని సిల్వరు అందుము; కోస్తా జిల్లాలవారు సత్తు అందురు. ఒకే కొలత గల ముక్కలను తూచినచో నీటికంటె అల్యూమినియము 2.7 రెట్లు, ఇనుము దాదాపు 7.8 రెట్లు, రాగి దాదాపు 9 రెట్లు బరువు తూగును. మెగ్నీషియమను లోహము ఇంకను తేలిక, నీటికి 1.7 రెట్లు మాత్రమే. అల్యూమినియము ఒకప్పుడు వెండివలె ప్రియమైనది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ అను ఇద్దరు యువకులు, ఒకరి సంగతి ఒకరెరుగకయే, విద్యుచ్ఛక్తిచే దానిని మట్టి నుండి వేరుచేయు మార్గమును కనిపెట్టిరి. అప్పటి నుండి అది పేదల పొయ్యిమీదికి దిగివచ్చినది.

ఇక పరీక్షకు వత్తము. వ్రేలంత లావు గల కడ్డీని యంత్రపు రెండు దవడల నడుమ బిగించి మెల్లమెల్లగా లాగుదుము. మొదట కడ్డీ కంటికి కనబడనంత సాగును. లాగుడు వదలిన వెంటనే యథాస్థితికి వచ్చును. వింటిబద్ద వంగి తిరిగి నిలిచినట్టిదే ఈ గుణము. ఈ దశలో అల్యూమినియము ఉక్కుకంటె మూడింతలు సాగును. అల్యూమినియపు నిచ్చెన యెక్కినప్పుడు అది ఊగుటకు కారణమిదియే. ఊగిన మాత్రమున అది బలహీనమని యెంచరాదు.

లాగుడు ఒక హద్దు దాటినచో రెండవ దశ వచ్చును. ఇప్పుడు వదలినను కడ్డీ పూర్వపు పొడవునకు రాదు. సాగినది సాగినట్లే యుండును. చిత్రమేమనగా, అది సాగిన కొలది గట్టిపడును. ఇంకను సాగింపవలెనన్న ఇంకను బలముగా లాగవలెను. తుదకు మూడవ దశలో ఏదో ఒకచోట కడ్డీ సన్నబడి మెడవలె అగును. ఆపై సాగుట యంతయు ఆ మెడయందే జరిగి అచ్చటనే తెగును. చెరకు పండించు సీమ గనుక మీరు ఇట్టి దానిని బెల్లపు పెనము కడనే చూచియుందురు. వేడి పాకమును వ్రేళ్ల నడుమ పట్టి తీసినచో తీగ సాగి, నడుమ సన్నబడి, తెగును. చల్లారి గట్టిపడిన ముక్కను లాగినచో సాగదు, పుటుక్కున విరుగును. లోహములలోను ఈ రెండు జాతులు కలవు. సాగి తెగునది ముందుగా హెచ్చరించును, పెళుసైనది హెచ్చరింపదు. నేను నేడు చెప్పబోవునదంతయు ఈ హెచ్చరికను గూర్చియే.

లోహము సాగుటయనగా లోపల నేమి జరుగుచున్నట్లు? లోహము చక్కెరవలె పలుకులు పలుకులుగా నుండును. ఒక్కొక్క పలుకులో పరమాణువులు వరుసలుగా, పొరలుగా పేర్చినట్లుండును. లాగినప్పుడు ఒక పొర మరియొక పొరపై జారును. అయితే పొర యంతయు ఒక్కుమ్మడిగా జారవలెనన్న మహాబలము కావలెను. నిజమైన లోహము అందులో వేయవవంతు బలమునకే సాగుచుండెను. దీని మర్మమును 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యీ యను ముగ్గురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా తెలిపిరి. పెండ్లిపందిరిలో పరచిన పెద్ద జంపఖానాను జరుపవలెనన్న కొన పట్టి లాగిన కదలదు. ఒక అంచున ముడుత వేసి ఆ ముడుతను ఆవలి అంచుదాక త్రోసినచో జంపఖానా యంతయు బెత్తెడు జరుగును. లోహపు పొరలలోను ఇట్టి ముడుతలు కలవు. అవి నడచినచో లోహము సాగును. వాని నడకకు అడ్డు తగిలినచో లోహము గట్టిపడును.

పెంబర్తి కంచరులు ఈ సిద్ధాంతము పేరు వినకయే తరతరములుగా దీనిని ఆచరించుచున్నారు. ఇత్తడి రేకును సుత్తితో కొట్టగా కొట్టగా అది బిగుసుకొనును. లోపలి ముడుతలు పెరిగి ఒకదానికొకటి అడ్డుపడుటయే అందులకు కారణము. ఇంకను కొట్టినచో రేకు పగులును. అది యెరిగి కంచరి దానిని కొలిమిలో కాగబెట్టి మరల మెత్తబరచి పని సాగించును. మొక్కై వంగనిది మ్రానై వంగునాయని లోకోక్తి. లోహము విషయమున మాత్రము మ్రానును మరల మొక్కగా చేయు ఉపాయము కొలిమియందు కలదు. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలెను. కరెంటు తీగ సంగతి వచ్చినప్పుడు ఇదియే మేలు గాక కీడుగా పరిణమించుట చూతురు.

స్వచ్ఛమైన అల్యూమినియము మిక్కిలి మెత్తన. చదరపు మిల్లీమీటరు మందము గల తీగ 9 కిలోల లాగుడునకే తెగును. కాని తెగుటకు ముందు నూటికి 35 వంతులు సాగును. దీనిని బలపరచుటకై అన్య లోహములను కలుపుదురు. 1906లో జర్మనీ దేశమున విల్మ్ అను లోహశాస్త్రజ్ఞుడు అల్యూమినియమున కొంచెము రాగియు, మరికొంచెము మెగ్నీషియమును కలిపి, కాచి, నీట ముంచి తీసెను. ఆ దినమున అది మెత్తగనే యుండెను. కొన్ని దినములు గడచి పరీక్షింపగా ఎవరును ముట్టకయే అది గట్టిపడియుండెను. కరగియున్న రాగి పరమాణువులు మెల్లమెల్లగా గుంపులు గూడి ముడుతల దారికి కంచెలై నిలిచినవని తరువాత తెలిసినది. ఊరగాయ జాడీలో ఊరినట్లు ఈ లోహము కాలము గడచిన కొలది పక్వమగును. ఈ మిశ్రమమునకు డ్యూరాలుమిన్ అని పేరు. విమానములు రేకు దేహముతో ఎగురుటకు మూలమిదియే.

నేడు తుత్తునాగము, మెగ్నీషియము, రాగి కలిపిన విమానపు అల్యూమినియము చదరపు మిల్లీమీటరునకు 57 కిలోల లాగుడును ఓర్చును. ఇది మామూలు ఇనుప కడ్డీని మించిన బలము. బరువో, మూడింట ఒక వంతు. అయితే ఈ లాభమునకు వెల కలదు. మెత్తని అల్యూమినియము నూటికి 35 వంతులు సాగి తెగునని చెప్పితిని గదా. ఇది 11 వంతుల సాగుడుతోనే తెగును. అచ్చులో పోతపోసిన మిశ్రమములలో కొన్ని రెండు మూడు వంతులకే తెగును. బలము పెరిగిన కొలది హెచ్చరిక తగ్గును. కావున "ఎంత గట్టిది?" యని మాత్రమే అడిగి వస్తువు కొనువాడు సగము ప్రశ్నయే అడిగినవాడగును. "తెగుటకు ముందు ఎంత సాగును?" అనునది రెండవ సగము.

పరమాణువుల పేర్పును బట్టియు ఈ గుణము మారును. అల్యూమినియమున పొరలు అనేక దిక్కుల జారగలవు; అందుచే అది సాగును. మెగ్నీషియమునకు, తుత్తునాగమునకు పేర్పు ఆరు పలకలది. చల్లగా నున్నప్పుడు పొరలు సులభముగా జారు దారులు కొద్ది. చిరాగ్‌పల్లికి పొరుగుననే బీదరు కలదు. అచ్చటి బిద్రీ పాత్రలు తుత్తునాగమున కొంచెము రాగి కలిపి పోసినవి. వాని నల్లని నునుపు, వెండి చెక్కడము కన్నుల పండువు. కాని చేయిజారి రాతిపై పడినచో బిద్రీ హుక్కాకుండ రాగిచెంబువలె సొట్టపడి ఊరుకొనదు, పగులవచ్చును. మెగ్నీషియము అన్నిటికంటె తేలికయైనను దానిని వాడుటలో జాగ్రత్త వలయుననుటకు ఈ బంధుత్వమే కారణము.

తెగిన చోటును చూచి తెగుటకు కారణమును చదువవచ్చును. సాగి తెగిన ముక్క మెడ సన్నబడి, ఒక కొన గిన్నెవలె గుంటపడి, రెండవ కొన దానిలో ఇముడునట్లు మొనదేలి, బూడిదరంగున గరుకుగా నుండును. లోహములోని మలినపు రేణువుల చుట్టు సూక్ష్మమైన బొరియలు పుట్టి, పెరిగి, ఒకటితో నొకటి కలియుటచే ఇట్లు తెగును. పెళుసుగా విరిగిన ముక్క బల్లపరుపుగా, పలుకులు మెరయుచు నుండును. మూడవది మిక్కిలి మోసకారి. అందు విరిగిన ముఖమున చెరువుగట్టున నీరు తీసిన గుర్తులవలె వంకర గీతలు వరుసగా నుండును. అనగా ఆ పగులు ఒక్కనాటిది కాదు; కొద్దికొద్దిగా లోనికి ప్రాకినది. దీనిని లోహపు అలసట యందురు. బండి చక్రము విరిగి తగవు మీ ముందుకు వచ్చినప్పుడు, బరువెక్కించినవానిదా తప్పు, పాత పగులును చూడనివానిదా యని తేల్చుటకు విరిగిన ముక్కయే సాక్షి. దానిని పాత సామానులవానికి అమ్మనీయకుడు. విరిగిన ముఖములను ఒకదానితో నొకటి రాయనీయకుడు.

ఈ అలసట యెంత ఘోరమైనదో లోకమునకు 1954లో తెలిసినది. కామెట్ అను ఆంగ్లేయుల జెట్ విమానములు రెండు, ఆ జనవరి 10న ఒకటి, ఏప్రిల్ 8న ఒకటి, ఇటలీ సమీపమున ఆకాశమందే పగిలి సముద్రమున గూలినవి. మొదటిదానిలో 35 మంది, రెండవదానిలో 21 మంది మరణించిరి. అట్టి విమానమునొకదానిని పెద్ద నీటితొట్టిలో నుంచి, లోపలి ఒత్తిడిని మాటిమాటికి పెంచుచు తగ్గించుచు పరీక్షించిరి. దేహమునకు కోసిన రంధ్రముల మూలలయందు, మేకుల బెజ్జముల కడ పగుళ్లు పుట్టి ప్రాకినవని తేలినది. ఏ ఒక్క లాగుడును ఆ లోహమును తెంపునంతటిది కాదు. వేలసారులు లాగి వదలుటయే దానిని తెంపెను. ఈ విషయమున ఉక్కునకును అల్యూమినియమునకును భేదము కలదు. ఉక్కునకు ఒక హద్దు కలదు. అంతకు తక్కువ లాగుడు కోటిసారులు తగిలినను సాధారణముగా అది ఓర్చును. అల్యూమినియమునకు అట్టి స్పష్టమైన హద్దు లేదు. చిన్న లాగుడైనను చాలాసారులు తగిలినచో తుదకు అలసిపోవును. అందుచే విమానములను కాలము లెక్కగట్టి విప్పి చూచెదరు.

ఇట్టి పరిశోధనలు దూరదేశములకే పరిమితము కావు. 1963లో నెలకొన్న రక్షణ లోహ పరిశోధనశాల హైదరాబాదు కంచన్‌బాగున కలదు. లిథియము కలిపిన మరింత తేలికైన అల్యూమినియముపై అచ్చట కృషి జరిగినది. హైదరాబాదు శివారున ఆదిభట్లలో తయారైన అపాచీ హెలికాప్టరు దేహము 2018లో మొదటిసారి వెలువడినది. చిరాగ్‌పల్లి నుండి పట్నము వచ్చు దారిలోనే, కందియొద్ద, 2008లో స్థాపితమైన ఐ.ఐ.టి. యందు లోహశాస్త్ర శాఖ కలదు. లెక్కలలో చురుకైన మీ మనుమలు, మనుమరాండ్రకు ఆ ద్వారము మీ బాటప్రక్కనే యున్నది.

ఇప్పుడు తలపైనున్న తీగకు వత్తము. రాగి ప్రియము, బరువు. అల్యూమినియము అదే లావున రాగి మోయు కరెంటులో నూటికి 61 వంతులే మోసినను, తూకమునకు తూకము చూచినచో రెట్టింపు మోయును. అందుచే ఊరూరికి పోవు తీగలు దీనివే. కంసాలి కమ్మచ్చున తీగ తీసినట్లు దీనిని చల్లగానే సన్నని రంధ్రముల గుండ లాగి గట్టిపరచుదురు. అట్లు గట్టిపరచినను చదరపు మిల్లీమీటరునకు సుమారు 16 కిలోలకు మించి ఓర్వదు. కావున నడుమ జింకుపూత గల ఉక్కు పోగును పెట్టి దాని చుట్టు ఆరు అల్యూమినియపు పోగులను పురి పెట్టుదురు. ఈ తీగలకు లావును బట్టి జంతువుల పేరులు పెట్టియున్నారు. మీ లైనుమనిషిని అడిగినచో ఉడుత యనియు, కుందేలు అనియు ఆంగ్లమున చెప్పును. కుందేలు తీగలో ఒక్కొక్క పోగు 3.35 మిల్లీమీటర్లు లావు. తీగ యంతయు తెగుటకు సుమారు 1,800 కిలోల లాగుడు కావలెను. అందులో సగమునకు మించి మోయునది నడుమనున్న ఆ ఒక్క ఉక్కుపోగే. ఇంటికి యజమానివలె అది పైకి కనబడదు. బరువు మాత్రము దానిదే. ఇటీవల మెగ్నీషియము, సిలికాను కలిపిన అల్యూమినియ మిశ్రమముతోనే, ఉక్కు లేకయే, తీగలు చేయుచున్నారు. వానికి వట్టి అల్యూమినియమునకంటె దాదాపు రెట్టింపు బలము.

తీగను దాని తెగు బలములో సగమునకు మించి లాగి కట్టరాదని నియమము కలదు. అంత ఎడము ఉంచినను తీగ యేల తెగును? మొదటి కారణము గాలి. సన్నని గాలికి తీగ వీణతంత్రివలె కంపించును. పింగాణీ బుడ్డికి కట్టిన చోట మాటిమాటికి వంగి అలసి పోగులు తెగును. పెద్ద లైనులపై స్తంభముల చేరువ తీగకు వ్రేలాడు జంట గుండ్లు ఈ కంపమును అణచుటకే. రెండవది మంట. చెట్టుకొమ్మ తగిలినను, రెండు తీగలు గాలికి ఒరసికొన్నను, ఎవరైన కొక్కెము తగిలించినను నిప్పురవ్వలు లేచును. కంచరి కొలిమిలో రేకు మెత్తబడినట్లు, అచ్చట తీగ కాలి, శ్రమపడి తెచ్చిన గట్టిదనమును కోలుపోవును. పైగా చిన్న గాటు పడును. ఆ గాటే రేపటి పగులునకు నాంది. మూడవది నడుమనున్న ఉక్కునకు త్రుప్పు. జింకుపూత పోయినచో యజమాని క్షీణించుచుండును. పైకి సంసారము నిండుగనే కనబడును.

తీగ ఒక్కుమ్మడిగా తెగుట అరుదు. తెగుటకు ముందు చూడ నేర్చిన కంటికి గుర్తులు చూపును. పురి విప్పుకొని ఒక పోగు వెంట్రుకవలె పైకి లేచుట, ఒకచోట తీగ నల్లబడుట, చీకటిలో నిప్పురవ్వలు రాలుట, ప్రక్క తీగలకంటె ఒకటి వేరుగా క్రిందికి జారుట, ఇవియే ఆ గుర్తులు. ఎండకు తీగలన్నియు కొంత దిగుట సహజమే. రెండు మూడు అంగుళములు పొడవు పెరిగినను నడుమ అంతకు అనేక రెట్లు దిగును. అయితే వీధి కాని చోట 11,000 వోల్టుల వరకు గల వట్టి తీగ నేలకు 4.6 మీటర్లకు, అనగా పదునైదు అడుగులకు, తక్కువ ఎత్తున ఉండరాదు. ఎండుగడ్డి బండి దాని క్రింద పోవునా యని సందేహము కలిగినచో ఆ బండిని పోనీయకుడు. బిగుతు తక్కువైనదని ఎవరును స్వయముగా తీగను లాగి కట్టరాదు. ఆ పని సరఫరా నిలిపిన పిమ్మట శాఖవారే చేయవలెను. గుర్తు కనబడిన నాడే 1912 నంబరునకు టెలిఫోను చేయుడు. స్తంభముపై వ్రాసిన అంకె చెప్పినచో వారికి చోటు సులభముగా తెలియును.

తెగిపడిన తీగను గూర్చి ఒక్క మాట. అది చప్పుడు చేయకున్నను, నిప్పులు రాల్చకున్నను, చచ్చినదని నమ్మరాదు. చుట్టునున్న తడినేలలోనికి కరెంటు ప్రాకును. ముప్పది అడుగుల దూరమున మనుష్యులను, పశువులను ఆపుడు. ఒకరిని కాపలా పెట్టుడు. శాఖవారు వచ్చి సరఫరా నిలిపితిమని చెప్పువరకు కర్రతోనైనను కదపకుడు. పడిపోయిన పశువును చూచి పరుగెత్తి ముట్టినవాడు రెండవ శవమైన సంఘటనలు కలవు. ఆ క్షణమున పెద్దవారి కేక యొక్కటే యువకుని కాలును నిలుపగలదు.

ఏ లోహమును అవినాశి కాదు. మనము దానిని ఎంత బలపరచినను, ఏదో ఒకచోట ముడుత నడచును, ఏదో ఒక బొరియ పెరుగును. మంచి లోహము తెగుటకు ముందు సాగి చెప్పును. అలసిన లోహము చిన్న పగులుతో చెప్పును. ఆ మాటను వినువారు ఊరిలో నలుగురుండవలెను. వర్షాకాలమునకు ముందొకసారి, పిమ్మట నొకసారి, చూపు చక్కగా నున్న ఇద్దరు యువకులను వెంటబెట్టుకొని, మీ ఊరి తీగల వెంబడి నేలపై నడచి తలయెత్తి చూడుడు. మీరు చూచినదానిని వ్రాసి శాఖవారికందజేయుడు. చెరువుగట్టును ఏటేట చూచుకొను అలవాటు మన పూర్వులది. ఈ గట్టు ఆకాశముననున్నది, ఇంతియే భేదము.